అదిలింపా, మెప్పా: గోదావరి డెల్టాలో పని నిలకడగా సాగాలంటే ఏది ఎంచుకోవాలి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఏ వనామి రొయ్యల చెరువుకైనా అసలు పరీక్ష తెల్లవారుజామున రెండింటికీ ఐదున్నరకూ మధ్య. పగలంతా ఎండకు ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టన్ (నీళ్లలోని కంటికి కనబడనంత సన్నటి మొక్కలు) రాత్రయ్యేసరికి తానే దాన్ని పీల్చుకుంటుంది. రొయ్య పీలుస్తుంది, అడుగు బురద పీలుస్తుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చెప్పే, అందరూ డీఓ అనే ఆ లెక్క పొద్దు పొడిచే ముందు అట్టడుగుకు పడుతుంది. 4 పీపీఎం పైన ఉంటే ధైర్యం. 3 కిందికి జారితే రొయ్య నీరసించి గట్ల వెంట తేలుతుంది. ఆ వేళకు యజమాని ఊళ్లో నిద్రలో ఉంటాడు. చెరువు పక్క మకాంలో పడుకున్న కాపలా కుర్రాడు లేచి, టార్చి వేసుకుని గట్టు మీద నడిచి, రెండో వరస ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు, వేయాలి. లేవకపోతే అప్పటికప్పుడు అడిగేవాడు లేడు. లేస్తే చూసేవాడూ లేడు.

అతణ్ని లేపేది ఏమిటి? జీతం కోస్తారన్న భయమా, రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి నాడు వచ్చే వాటా మీద ఆశా, ఈ చెరువు నా చేతిలో ఉందన్న పట్టింపా? "దండం దశగుణం భవేత్" అని నమ్మేవాళ్లూ, "నోరు మంచిదైతే ఊరు మంచిది" అనేవాళ్లూ డెల్టాలో పక్కపక్క గట్ల మీదే ఉంటారు. ఇద్దరికీ తమ దారి పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఈ వాదన తెగదు. తెగాలంటే మనిషి మంచివాడా మొండివాడా అన్న మాట పక్కన పెట్టి, ఏ పనికి ఏది సరిపోతుందో చూడాలి.

మా నిర్ణయం ముందే చెబుతున్నాం. కంటికి కనబడని పనికీ, చెడు వార్త ముందుగా తెలియాల్సిన పనికీ మెప్పు, వాటా, నమ్మకం ఎంచుకోండి. ప్రాణం పోయే చోట, సరుకు మొత్తం వెనక్కి వచ్చే చోట మాత్రం కఠినమైన నియమం పెట్టండి. ఈ రెంటికీ ముందు జీతం సరిగా, చెప్పిన తేదీకి ఇవ్వండి. ఆ మూడోది లేకపోతే మిగతా రెండూ పనికిరావు.

ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు

పని సరిగా జరిగిందో లేదో అక్కడికక్కడ కొలవగలరా? నాట్లు కొలవచ్చు. కొబ్బరి దింపులో చెట్లు లెక్కపెట్టవచ్చు. రాత్రి చెరువు కాపలాను కొలవలేరు.

ఫలితం ఎన్నాళ్లకు తెలుస్తుంది? ఒలిచిన కాయ సాయంత్రానికి కుప్పగా కనబడుతుంది. కడియం నర్సరీలో కట్టిన అంటు పట్టిందో లేదో వారాల తర్వాతే తేలుతుంది. ఈలోగా కట్టినవాడు ఇంకో వెయ్యి కట్టి ఉంటాడు.

తప్పు జరిగితే ఆ సంగతి మీకు చెప్పాల్సింది ఎవరు? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. తప్పు చేసినవాడే చెప్పాల్సిన పని అయితే, భయం అనే పనిముట్టు దాదాపుగా మీ చేతిలోంచి జారిపోయినట్టే. చెప్పినందుకు తిట్టు తినే మనిషి రెండోసారి చెప్పడు.

భయం ఏం చేస్తుంది, ఎక్కడ చెడుతుంది

భయం త్వరగా పనిచేస్తుంది. ఆ మాట ఒప్పుకోవాలి. గట్టిగా అరిస్తే ఆ పూటకు అందరూ చురుగ్గా కదులుతారు. అయితే దండన నేర్పేది ఒక్కటే, ఏది చేయకూడదో. ఏది చేయాలో అది చెప్పదు. పైగా మనిషి తప్పించుకోవడానికి చూసేది చాలాసార్లు తప్పును కాదు, దండించేవాణ్ని.

చెరువులో దించి ఉంచే మేత పళ్లెం, చెక్ ట్రేను చూడండి. మేత వేసిన గంట, గంటన్నర తర్వాత ట్రే పైకి లాగితే ఎంత మేత మిగిలింది, పేగు నిండిందా, రెట్ట రంగు ఎలా ఉంది, చచ్చిన రొయ్య ఏదైనా ఉందా అన్నీ కనబడతాయి. చెరువు ఆరోగ్యం చెప్పే చౌకైన సాధనం అదే. ఇప్పుడు, ట్రేలో చచ్చిన రొయ్య కనిపిస్తే "నువ్వేం చేస్తున్నావురా రాత్రంతా" అని విరుచుకుపడే యజమాని ఉన్నాడనుకోండి. నాలుగోసారికి ఆ రొయ్య ట్రేలో ఉండదు, గట్టవతల గడ్డిలో ఉంటుంది. మిగిలిన మేత తిరిగి చెరువులోకే దులిపేస్తారు, అడుగున కుళ్లుతుంది. రిజిస్టరులో అంతా బాగానే ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ లాంటి జబ్బు అడుగుపెట్టిందని తొలిరోజునే తెలిస్తే నీళ్లు మార్చడం ఆపి, పక్క చెరువులకు వలలూ బకెట్లూ వెళ్లకుండా చూసి, అవసరమైతే ఉన్నంతలో పట్టుబడి చేసుకునే వీలుంటుంది. మూడురోజులు ఆలస్యమైతే ఆ వీలు పోతుంది. ఒక తిట్టు ఖరీదు అంత.

ఇంకో చిక్కు, కుర్రాడి చేతిలో లేని నష్టానికి కూడా తిట్టడం. వైరస్ అతను తేలేదు. మబ్బు పట్టడం, ధర పడిపోవడం అతని తప్పు కాదు. ఏం చేసినా దెబ్బ తప్పదని తెలిసిన ప్రాణి ప్రయత్నమే మానేస్తుందని 1967లో సెలిగ్‌మన్, మేయర్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో చూపించారు. తర్వాత తప్పించుకునే దారి ఇచ్చినా వాటిలో చాలా కుక్కలు లేవలేదు. ఏ పంట పోయినా కుర్రాణ్నే అనే చెరువు మీద కనబడే నీరసం, "ఎలాగూ అంటారులెండి" అనే మాట, బద్ధకం కాదు.

అయినా యజమానులకు తిట్టే పనిచేస్తోందని ఎందుకు అనిపిస్తుంది? దీనికి చక్కటి సమాధానం ఇజ్రాయెల్ వైమానిక దళం నుంచి దొరికింది. మెచ్చుకుంటే మర్నాడు పాడుచేస్తున్నారు, కేకలేస్తే బాగుపడుతున్నారు అని అక్కడి శిక్షకులు మనస్తత్వ శాస్త్రవేత్త డానియెల్ కానెమన్‌తో వాదించారు. జరుగుతున్నది వేరు. ఎవరి పని అయినా రోజురోజుకూ కొంత అటూ ఇటూ ఊగుతుంది. మరీ చెడ్డరోజు తర్వాత వచ్చేది, తిట్టినా తిట్టకపోయినా, మామూలు రోజే కావడానికి అవకాశం ఎక్కువ. మరీ మంచిరోజు తర్వాతా అంతే. వారానికోసారి విసురు వల వేసి రొయ్య బరువు తూచేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒక వారం పెరుగుదల తక్కువ చూపిస్తుంది, మరుసటి వారం సర్దుకుంటుంది. మధ్యలో కేకలేశారు కాబట్టి కేక వల్లే పెరిగిందనిపిస్తుంది. రొయ్యకు ఆ కేక వినబడలేదు.

జరిమానా సంగతి మరీ విచిత్రం. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో 10 పసిపిల్లల కేంద్రాల మీద గ్నీజీ, రుస్టిచీనీ అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశీలన 2000లో అచ్చయింది. ఆరు కేంద్రాల్లో, పిల్లల్ని తీసుకెళ్లడానికి 10 నిమిషాలు మించి ఆలస్యంగా వచ్చిన తల్లిదండ్రులకు 10 షెకెళ్ల జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గలేదు, సుమారు రెట్టింపయ్యారు. అంతవరకూ టీచరమ్మ ఎదురుచూస్తోందన్న మొహమాటం ఉండేది. జరిమానా రాగానే అది డబ్బిచ్చి కొనుక్కునే సమయంగా మారింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. మకాంలోనూ అదే జరుగుతుంది. "రాత్రి లేవకపోతే 100 కోత" అన్నరోజున 100 రూపాయలకు నిద్ర అమ్మకానికి పెట్టినట్టే.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 2019 వేతన స్మృతి ప్రకారం ఒక వేతన కాలంలో జరిమానాలు ఆ కూలిలో 3 శాతం దాటకూడదు. అంటే నెలకు 15,000 తీసుకునేవాడి మీద 450. ముందుగా ప్రకటించిన తప్పులకే వేయాలి, సంజాయిషీ చెప్పుకోనివ్వాలి, వాయిదాల్లో వసూలు చేయకూడదు, వసూలైనది కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి. పంట పోయిందని రెండు నెలల జీతం ఆపేసే పద్ధతికి ఇందులో చోటు లేదు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లను అడ్వాన్సు బాకీ చూపించి కదలనివ్వకపోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. దాన్ని ప్రేరణ పద్ధతుల్లో ఒకటిగా మేం లెక్కించం.

కఠినంగా ఉండాల్సిన చోట్లు

ఇవి ఉన్నాయి, వీటిలో మెతకదనం ప్రమాదం. తడి గట్టు మీద కరెంటు పని మొదటిది. మెయిన్ ఆపకుండా ఏరేటరు మోటారు మీద చేయి వేయడం, అతుకుల వైరును నీళ్లలో వదలడం ఒక్కసారి జరిగినా చాలు. రెండోది నిషేధిత మందులు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు తిరస్కరిస్తారు. మూడోది తాగి డ్యూటీకి రావడం. కొబ్బరి చెట్టు ఎక్కే దింపు మనిషి విషయంలో అయితే ఇది మొదటి నియమమే కావాలి.

ఇలాంటి నియమాలు మూడో నాలుగో మించకూడదు. పది అయితే ఏదీ నియమంలా ఉండదు. చేరిన రోజునే నోటితో చెప్పి, మకాం తలుపు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. దండన చిన్నదైనా తప్పనిసరి కావాలి, ఆ రోజే కావాలి. నెలాఖరున గుర్తు చేసుకుని వేసేది కక్షలా కనబడుతుంది. ఒక్క రోజు పని నుంచి పక్కన పెట్టి ఇంటికి పంపడం చాలు. యజమాని బామ్మర్దికీ, నిన్న వచ్చిన కుర్రాడికీ ఒకటే వర్తించాలి. ఈ చివరిదాన్ని ఒక్కసారి తప్పినా నియమం చచ్చిపోతుంది, అరుపు మాత్రం మిగులుతుంది.

తప్పు చేయడానికీ, తప్పు దాచడానికీ దండన వేరుగా ఉండాలి. మోటారు కాలిపోయిందని వచ్చి చెబితే మందలింపు కూడా వద్దు. దాచిపెట్టింది బయటపడితే వదలొద్దు. ఈ తేడా పనివాళ్లకు స్పష్టంగా అర్థమైన చెరువులో వార్తలు వాటంతటవే వస్తాయి.

మెప్పు వైపు ఉన్న దారులు అన్నీ ఒకటి కావు

బోనస్, గుత్త, వాటా, మంచి మాట, బాధ్యత అప్పగించడం అన్నిటినీ కలిపి మంచితనం అనేస్తారు. పనిచేసే తీరులో మాత్రం వీటి మధ్య చాలా దూరం ఉంది.

గుత్త తీసుకోండి. నాట్ల ముఠాకు ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటే పని వేగం పెరుగుతుంది. మీరు కొన్నది వేగమే కాబట్టి వచ్చేదీ అదే. కుదుళ్లు పలచబడతాయి. సార్వాలో (వానాకాలపు పంట) చదరపు మీటరుకు 33, దాళ్వాలో (రెండో పంట) 44 కుదుళ్లు ఉండాలి. దాళ్వాలో పిలకలు తక్కువ కాబట్టి దగ్గరగా వేయాలి. నాటే లోతు రెండు మూడు సెంటీమీటర్లు దాటితే పిలక ఆలస్యమవుతుంది. ఇక్కడ అరవడం దండగ, కొలవడం మేలు. ఒక మీటరు భుజం ఉన్న చదరపు చట్రం నాలుగు కర్రలతోనో పైపు ముక్కలతోనో చేసుకోండి. ఎకరానికి ఐదు చోట్ల, గట్టు పక్క కాకుండా మడి మధ్యలో, వేసి కుదుళ్లు లెక్కపెట్టండి. ముఠా ఇంకా చేలో ఉండగానే లెక్కపెట్టాలి. పక్క ఊరు వెళ్లిపోయాక ఖాళీలు పూరించడానికి ఎవరూ తిరిగి రారు. ఐదు చోట్లా లెక్క తప్పకుండా వస్తే ముందే ఒప్పుకున్న అదనం, ఎకరానికి 200 అనుకోండి, అందరి ముందు మేస్త్రి చేతిలో పెట్టండి. తగ్గిన చోట కోత వేయకండి, ఆ చోటు మాత్రం మళ్లీ నాటించండి. కోత వేస్తే వాదన మొదలవుతుంది. మళ్లీ నాటిస్తే పని పూర్తవుతుంది.

ఆత్రేయపురం పూతరేకు దీనికి తిరగేసిన ఉదాహరణ. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయికి ప్రాణమంతా రేకు పలచదనంలో ఉంది. కాగిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్క ఊపున లాగితే రేకు వస్తుంది. రేకుల లెక్కన కూలి ఇస్తూ, చిరిగిన వాటికి కోత పెట్టారనుకోండి. ఆ చేతులు వెంటనే జాగ్రత్త పడతాయి. పిండి కాస్త చిక్కగా కలుపుతారు, రేకు మందమవుతుంది, చిరగడం తగ్గుతుంది. లెక్కలో అంతా మెరుగే. నోట్లో పెట్టుకుంటే మాత్రం కాగితం నమిలినట్టుంటుంది. నష్టం భయం మనిషిని సురక్షితమైన పక్కకు నెడుతుంది. నైపుణ్యం ఉండేది ఎప్పుడూ అంచు మీద. చిన్న చిరుగున్న రేకు లోపలి మడతలో ఇమిడిపోతుంది కాబట్టి దాన్ని కూడా లెక్కలో కలపండి, పలచదనానికి వేరే ధర పెట్టండి.

నర్సాపురం లేసు పని ఇళ్లలో సాగుతుంది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీల ద్వారా వచ్చిన ఈ కుట్టుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ కేకలేసే అవకాశమే లేదు, కాబట్టి భయం వేరే రూపం ఎత్తుతుంది. వారాలపాటు అల్లిన ముక్కను చివర్లో "బాగా రాలేదు" అని వెనక్కి పంపడం. ఎక్కడ బాగాలేదో చెప్పకుండా తిప్పి పంపితే అల్లిన ఆవిడ నేర్చుకునేది ఏమీ లేదు, తర్వాతి ముక్కకు చేయి బిగుసుకుపోతుంది. నమూనా ముక్క మొదటిరోజే ఇవ్వండి. మొదటి పువ్వు అల్లగానే చూసి సరిదిద్దండి. డబ్బు తేదీ తప్పకండి. ఇంతకు మించి ప్రేరణ అక్కర్లేదు.

పట్టుబడి బోనస్ ఎలా లెక్కించాలి

చెరువుల్లో ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. "లాభం వస్తే చూసుకుంటాలే" అనేది బోనస్ కాదు. ఎంత, దేని మీద, ఎప్పుడు అన్నది సీడు (రొయ్య పిల్లలు) వేసే రోజునే కాగితం మీద ఉండాలి. లాభం మీద మాత్రమే కడితే వైరస్, ధర రెండూ కుర్రాడి కష్టాన్ని మింగేస్తాయి. అందుకని రెండు ముక్కలుగా విడగొట్టండి.

మొదటి ముక్క చేసిన పనికి. రాత్రి రెండింటికీ నాలుగింటికీ డీఓ రాయడం, ప్రతి మేత తర్వాత ట్రే చూసి రాయడం, జనరేటరు వారానికి రెండుసార్లు వేసి చూడటం. ఇవి చేసిన నెలకు ఆ నెలే ఇవ్వండి. పంట పోయినా ఇది పోకూడదు.

రెండో ముక్క ఫలితానికి. మేత లెక్క తేలిగ్గా కొలవచ్చు. 10 టన్నుల రొయ్యకు ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే లెక్క) 1.5 అయితే 15 టన్నుల మేత పట్టింది, 1.4 అయితే 14 టన్నులు. కిలో మేత 90 అనుకుంటే ఆ టన్ను ఆదా 90,000. అందులో 15 శాతం, అంటే 13,500, ఇద్దరు కుర్రాళ్లు పంచుకున్నా యజమానికి 76,500 మిగులుతుంది. జాగ్రత్త, ఒక్క ఎఫ్‌సీఆర్ మీదే బోనస్ కడితే మేత తగ్గించేస్తారు. రొయ్య సన్నబడి 50 కౌంటుకు (కిలోకు 50 రొయ్యలు) రావాల్సింది 70 దగ్గర ఆగుతుంది, ఆదా చేసిన మేత కన్నా ధరలో పోయింది ఎక్కువ. కాబట్టి "ఈ ఎఫ్‌సీఆర్ కింద, ఈ కౌంటు లోపల" అని రెండూ కలిపి రాయండి. ఏ బోనసుకైనా ఇదే పరీక్ష. దీన్ని మోసం చేయకుండానే, అక్షరాలా పాటిస్తూ, పని ఎలా పాడుచేయవచ్చో ముందు మీరే ఆలోచించండి. దొరికిన సందుకు రెండో కొలత అడ్డం పెట్టండి.

మొత్తం మరీ పెద్దది కాకూడదు. 2009లో అచ్చయిన ఒక ప్రయోగంలో మదురై దగ్గరి పల్లెల్లో 87 మందికి గురి, జ్ఞాపకం, చేతివాటం అవసరమైన ఆటలు ఇచ్చి, ఒక్కో ఆటకు కొందరికి 4, కొందరికి 40, కొందరికి 400 రూపాయల దాకా ఆశ చూపారు. అందరికన్నా అధ్వానంగా ఆడింది 400 వాళ్లు. చేతిలో ఉన్నది జారిపోతుందేమోనన్న కంగారు చేతిని వణికించింది. ఆశ మరీ పెద్దదైతే అది భయంగా మారుతుందన్నమాట.

ఒక్కొక్కరికా, అందరికీ కలిపా? దీనికి మన రాష్ట్రంలోనే గట్టి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల ప్రభుత్వ బడుల్లో 2005 నుంచి మురళీధరన్, సుందరరామన్ చేసిన పరిశోధనలో 100 బడులకు టీచరు టీచరుకూ బోనస్, మరో 100 బడులకు బడి మొత్తానికి బోనస్ ఇచ్చారు. పిల్లల మార్కులు ఎంత పెరిగాయన్నదే లెక్క, దండన ఏదీ లేదు. సగటు బోనస్ ఏడాది జీతంలో 3 శాతం దగ్గరే. మొదటి ఏడాది రెండూ ఒకేలా ఫలించాయి. ఐదేళ్లకు వచ్చేసరికి విడివిడి బోనస్ నిలిచింది, ఉమ్మడిది పలచబడింది. దీన్నిబట్టి మా సలహా: పది మంది లోపు ముఠా, ఒకరినొకరు చూసుకుంటూ పనిచేసేది అయితే ఉమ్మడి. ఒక్కో చెరువు ఒక్కరి చేతిలో ఉంటే విడిగా.

డబ్బు కొన్ని చోట్ల చెడగొడుతుంది కూడా. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి "గీస్తే ప్రశంసాపత్రం" అని ముందే చెప్పి ఇచ్చారు. వారాల తర్వాత ఆ పిల్లలు తమంతట తాము గీసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడింది. ఇంట్లో పిల్లలకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఇష్టంగా చదివే సబ్జెక్టుకు సెల్‌ఫోను ఆశ చూపకండి. కూలికి మాత్రం దీన్ని వర్తింపజేయకండి. "డబ్బిస్తే పని మీద ఇష్టం పోతుంది" అనే మాటను తక్కువ జీతానికి సాకుగా వాడేవాళ్లు ఉన్నారు. హెర్జ్‌బర్గ్ 1959లో చూపిన తేడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. జీతం, మకాం, తాగునీళ్లు సరిగా లేకపోతే మనసు విరుగుతుంది. అవి ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు, ఉత్సాహానికి చోటు ఏర్పడుతుంది. దసరా మామూలు, సంక్రాంతి బట్టలు ఈ కోవవే. ఇస్తే పని పెరగదు, మానేస్తే మాత్రం ఏడాది పాటు గుర్తుంటుంది. వాటిని బోనస్ లెక్కలో కలపకండి.

మంచి మాట చెప్పే పద్ధతి

"బాగా చేస్తున్నావురా" అనేది పలకరింపు, అంతే. ఏం చేశాడో, దానివల్ల ఏం జరిగిందో చెప్పాలి. "రాత్రి మూడింటికి డీఓ మూడున్నర ఉంటే తెల్లారేదాకా ఆగకుండా రెండో వరస వేశావు, అందుకే పొద్దున రొయ్య పైకి రాలేదు." ఇలా చెబితే అతనికి రేపు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. ఆ పూటే చెప్పండి. ముఠాలో ఒక్కరినే అందరి ముందు పొగిడితే ఆ మనిషికే ఇబ్బంది, మిగతావాళ్లు ఎత్తిపొడుస్తారు. పనిని అందరి ముందు, మనిషిని విడిగా మెచ్చుకోండి. పెద్దవయసు వాళ్లను "ఏమయ్యా" అనకుండా "బాబాయ్", "అప్పా" అని పిలవడానికి ఖర్చేమీ లేదు, వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పొగడ్త వెంటనే "కానీ" అని మరో తప్పు తగిలించకండి. ఆ తప్పుకు వేరే సమయం చూడండి.

అప్పగించడం మెప్పు కన్నా లోతుగా పనిచేస్తుంది. 3.5 కిందికి పడితే ఎన్ని ఏరేటర్లయినా వేసే అధికారం, కరెంటు పోతే అడగకుండా జనరేటరు వేసే అధికారం అతనిదే అని చెప్పండి. డీజిల్ ఎందుకు తగలేశావని తర్వాత అడిగితే ఇచ్చిన అధికారం వెనక్కి తీసుకున్నట్టే.

భయం నుంచి మారాలంటే

ఇప్పటికే అరుపులతో నడుస్తున్న చెరువును ఒక్కరోజులో మార్చలేరు, ఒక పంట పడుతుంది. పంట మధ్యలో మొదలుపెట్టకండి, చెరువు ఎండబెట్టి సున్నం చల్లే రోజుల్లో కూర్చోబెట్టి చెప్పండి. పాత బాకీ జీతం ముందు తీర్చండి, లేకపోతే చెప్పేది ఎవరూ నమ్మరు. తర్వాత ఒక్క మాట ఇవ్వండి. చచ్చిన రొయ్య తెచ్చి చూపిస్తే ఏమీ అనను. తొలి మూడు నాలుగు వారాలు రిజిస్టరులో చచ్చిన రొయ్యల లెక్క పెరుగుతుంది. కంగారుపడకండి. చావులు పెరగలేదు, గట్టవతల పడేవి లెక్కలోకి వస్తున్నాయి. ఈ దశలోనే చాలామంది యజమానులు మెతకదనం వల్ల చెడిందని వెనక్కి వెళ్లిపోతారు.

పద్ధతి పట్టిందో లేదో తెలుసుకోవడానికి మీరు ఊళ్లో లేని వారం రోజులు చూడండి. రాత్రి రెండు, నాలుగు గంటల డీఓ అంకెలు ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, అన్నీ 4.5 అని ఉంటే అవి పొద్దున కూర్చుని రాసినవి. 4.1, 3.4, మళ్లీ ఏరేటర్లు వేశాక 4.0 అని ఎగుడుదిగుడుగా ఉంటే అవి గట్టు మీద రాసినవి.

ఏదో ఒక రాత్రి మూడింటికి మీ ఫోన్ మోగుతుంది. ఎత్తగానే అడగాల్సింది ఎన్ని ఏరేటర్లు తిరుగుతున్నాయి, డీఓ ఎంత, జనరేటరులో డీజిల్ ఉందా అన్న మూడే. ఎందుకు పడిందో, ఎవరు చూడలేదో మర్నాడు మేత వేశాక, టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు.